పిల్లలున్న ఇంట్లో బొమ్మకు, ముగ్గుకు, వింతకు చోటెక్కడ?

ప్రశ్న: పర్లాకిమిడి గృహిణి

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు, మా అత్తగారు, మేమిద్దరం ఉంటాం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. ఉదయం బడి బస్సు కోసం మొదలైన పరుగు రాత్రి మర్నాటి పుస్తకాలు సంచిలో సర్దేదాకా ఆగదు. మధ్యలో మిగిలే కాస్త సమయం ఫోనుకు పోతుంది. ఆ మాట పిల్లల గురించే కాదు, మా గురించి కూడా.

మా పుట్టింట్లో ఎవరూ కళ గురించి మాట్లాడినట్టు గుర్తు లేదు. అయినా సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టడం, పాత చీరలతో బొంతలు కుట్టడం, కరెంటు పోయినప్పుడు దీపం ముందు చేతులు మడిచి గోడ మీద జింకనో కుక్కనో ఆడించడం ఎవరూ చెప్పకుండానే జరిగిపోయేవి. ఇప్పుడు నేను వాటిని పనిగట్టుకుని తెచ్చేసరికి అవి కూడా ట్యూషన్ల వరుసలో చేరిపోతున్నాయి. పాపను శనివారం చిత్రలేఖనం తరగతిలో వేశాను. అక్కడ పిల్లలందరికీ ఒకటే బొమ్మ: రెండు కొండలు, వాటి నడుమ సూర్యుడు, పక్కన ఒక గుడిసె. ఇంట్లో నీకు తోచింది గీయమ్మా అంటే, "దీనికి మార్కులుంటాయా?" అని అడిగింది.

ముందు చదువు కుదుటపడనీ, సరదాలు సెలవుల్లో చూసుకుందాం అని మా వారంటారు. ఆ మాటను కొట్టిపారేయలేను గాని, సెలవులు వచ్చేసరికి ఎవరికీ ఓపిక ఉండదన్నది కూడా నిజమే. పెద్దగా ఖర్చు లేకుండా, పిల్లలకు మరో పాఠంగా మారకుండా, మామూలు రోజుల్లోనే కాస్త వింత, కాస్త అందం ఇంట్లోకి రావడానికి మీరేం చేస్తున్నారో చెప్పగలరా? ఇంకొక సంగతి కూడా ఉంది. మా హాలులో ఒక గోడ ఖాళీగా ఉంది. మన కొండల్లోని సవరలు ఎర్రటి గోడ మీద తెల్లగా వేసే బొమ్మల వంటివి పిల్లల చేత అక్కడ వేయించాలని ఉంది. అది తగునో తగదో తెలిసినవారు చెప్పండి.

సమాధానం: బరంపురం డ్రాయింగు మాస్టారు (విశ్రాంత)

అమ్మా, ఆ రెండు కొండల బొమ్మ బడులను వదలకపోవడానికి కారణం దానికి మార్కులు వేయడం తేలిక కావడమే. మీ పాప అడిగిన ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆ పిల్ల చూసిన బొమ్మలన్నీ ఎవరో ఒకరికి చూపించడానికి గీసినవే అయినప్పుడు మరేం అడుగుతుంది?

పిల్లల చేత ఏం చేయించాలని మీరు అడిగారు గాని, మీరేం చేద్దామనుకుంటున్నారో చెప్పలేదు. నాకు తెలిసినంతలో, పెద్దలు తమకోసం తాము శ్రద్ధగా చేసుకునే పని పక్కనే పిల్లలు ఊరికే తచ్చాడుతూ ఉంటే కళ అంటుకుంటుంది. పెద్దలు కుర్చీలో కూర్చుని "గీయండి" అంటే అంటుకోదు. మీ అత్తగారు ఉన్నారన్నారు గనుక ముగ్గుతో మొదలుపెట్టండి. మన సరిహద్దులో ఉన్నవారికి ఒక అదృష్టం ఉంది. ఒడియా వారు మార్గశిర గురువారాల్లో మాణబసా అనే లక్ష్మీపూజకు బియ్యాన్ని నానబెట్టి రుబ్బి, ఆ తడి పిండితో వాకిట్లోను, గోడల మీద ఝోటి అనే ముగ్గు వేస్తారు. లక్ష్మీపాదాలు, వరికంకులు అందులో తప్పనిసరి. మన ఆడవారు అదే మాసంలో లక్ష్మీవారం, అంటే గురువారం, నోము పట్టి పొడి పిండితో చుక్కల ముగ్గు వేస్తారు. వారి నెల పూర్ణిమతోను, మన నెల అమావాస్యతోను ముగుస్తుంది కాబట్టి వారి మార్గశిరం మనకంటే ఒక పక్షం ముందే వస్తుంది. రెండు పంచాంగాలూ పాటిస్తే కార్తిక పూర్ణిమ దాటినప్పటి నుంచి ఆరు లక్ష్మీవారాల దాకా వాకిలి మీ చేతిలో ఉంటుంది.

ఆరేళ్ల బాబుకు చుక్కల ముగ్గు ఇవ్వకండి. చుక్కలు లెక్కపెట్టడం, పొడిని వేళ్ల సందుల్లోంచి సన్నగా జార్చడం పెద్ద విద్య, వాడు రెండు నిమిషాల్లో విసిగిపోతాడు. తడి పిండిలో వేళ్లు ముంచి గీయడం మాత్రం ఏ పిల్లవాడికైనా వస్తుంది. పిడికిలి అడ్డంగా అద్ది, పైన ఐదు చుక్కలు పెడితే అదే లక్ష్మీపాదం. పిండి తడిగా ఉన్నప్పుడు గీత సరిగా కనపడదు, ఆరిన కొద్దీ తెల్లగా తేలుతుంది. నలభై ఏళ్లు బొమ్మలు వేయించినవాణ్ణి, ఆ తేలడం చూస్తే నాకిప్పటికీ ముచ్చటే.

మా ఊళ్లో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. తెలుగు మూలాలున్న డేరా నేతవారి ఇంటి ఆడపడుచుగా అమ్మవారిని భావిస్తారు, దేశీబెహరా కుటుంబం ఆ యాత్రలో పెద్దరికం వహిస్తుంది. మొక్కు ఉన్నవారు రకరకాల వేషాలు కట్టి ఊరంతా తిరుగుతారు. ఈసారి జరిగేటప్పుడు పిల్లల్ని తీసుకురండి. నిన్న పచారీ దుకాణంలో పప్పు తూచిన మనిషి ఇవాళ ముఖాన రంగుతో పులిలా ఎదురుపడితే పిల్లవాడి కళ్లు ఎంత పెద్దవవుతాయో చూడవచ్చు.

వాన పట్టిన సాయంత్రాలకు గంజప ఉంది. గుండ్రటి పేకముక్కలు, ఎనిమిది రంగుల ఆటలో రంగుకు పన్నెండు చొప్పున 96 ఉంటాయి. రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. అన్నీ చేయనక్కర్లేదు. పాత పెళ్లిపత్రికలను గ్లాసు మూతతో గుండ్రంగా గీసి కత్తిరించి, రెండు రంగులకు 24 ముక్కలు చేసుకోండి. రాజుగా ఎవరి బొమ్మ వేయాలో పిల్లలకే వదిలేయండి. మా మనుమడు ఒక రంగుకు రాజుగా మా వీధి కుక్కను వేశాడు, దాని మంత్రి నేనే.

సమాధానం: సిరొంచ రైతు

మాస్టారు గారి మాటలన్నీ బాగున్నాయి గాని, ఒక చిన్న అభ్యంతరం ఉంది. అన్నీ పండుగకే ముడిపడితే పండుగ లేని మంగళవారం ఏం కావాలి? అక్కయ్య గారు అడిగింది మామూలు రోజుల గురించి.

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మా పిల్లలు బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఊరికి ఒక పక్క ప్రాణహిత పారుతుంది, అది గోదావరిలో కలిసే చోటు దగ్గరే. ఈ మట్టిలో ఏముందో మాకే చాలాకాలం తెలియలేదు. మా తాలూకాలోని పోచంపల్లి అనే గ్రామం దగ్గర 1961లో కలకత్తా నుంచి వచ్చిన భారతీయ గణాంక సంస్థ వారు డైనోసార్ ఎముకలు తవ్వారు. అది రవీంద్రుని శతజయంతి సంవత్సరం కావడం వల్ల తరువాత 1975లో ఆ జంతువుకు బరాపసారస్ టాగోరీ అని ఆయన పేరు కలిపారు. దాని తొడ ఎముక ఒక్కటే సుమారు 1.7 మీటర్లు, అంటే నాకంటే పొడుగు. ఆ అస్థిపంజరాన్ని కలకత్తాలో ఆ సంస్థ మ్యూజియంలోనే నిలబెట్టారు. మా దగ్గర వడధం శిలాజ ఉద్యానంలో రాయిగా మారిన చెట్టు బోదెలు చూడవచ్చు.

పిల్లల్ని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు నేను ఏమీ చెప్పలేదు. "ఇది కట్టెనా, రాయా, చేత్తో చూసి చెప్పండి" అన్నాను, అంతే. చిన్నవాడు గోటితో గీకాడు, పెద్దది చెవి ఆనించి తట్టింది, ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకున్నారు. నేను ముందే కోట్ల సంవత్సరాల లెక్క చెప్పి ఉంటే వారు తలూపి ఐస్‌క్రీము అడిగేవారు. పిల్లలకు వింత చూపించి వెంటనే వివరం చెప్పేయడం మన పెద్దలకున్న చెడ్డ అలవాటు. వారు అడిగేదాకా, అడిగిన తరువాత కూడా కాస్సేపు, నోరు కట్టుకుని కూర్చోవడం నేర్చుకోవాలి. శిలాజాలను ఇంటికి తెచ్చుకోకూడదని మాత్రం ముందే గట్టిగా చెప్పి తీసుకెళ్లాలి.

పండుగల మీద అభ్యంతరం చెప్పి పండుగ గురించే రాస్తున్నందుకు నవ్వుకోండి. మా వైపు శ్రావణ అమావాస్యకు పోళా చేస్తారు, మనవాళ్ల పొలాల అమావాస్య కూడా ఆ రోజే. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు వేసి ఊరేగిస్తారు. మర్నాడు విదర్భ అంతటా పిల్లల పోళా, తాన్హా పోళా ఉంటుంది. చక్రాలున్న చెక్క ఎద్దును తాడు కట్టి లాక్కుంటూ పిల్లలు ఇల్లిల్లూ తిరిగితే పెద్దలు చిల్లర చేతిలో పెడతారు. బజారులో మెరుగు పెట్టిన ఎద్దులు దొరుకుతాయి. మా ఇంట్లో మాత్రం విరిగిన నాగలి ముక్కతో చేసిన ఎద్దే ఉంది, ఒక చక్రం చిన్నది, నడుస్తుంటే కుంటుతుంది. ఏడాది పొడుగునా, ఏ పండుగా లేని రోజుల్లో కూడా, అది వాకిట్లో తిరుగుతూనే ఉంటుంది. పిల్లలు దానికి మేత పెడతారు, జబ్బు చేసిందని పసుపు రాస్తారు. ఆ వస్తువులో చేయవలసింది ఇంకా మిగిలి ఉండటం వల్లనే అది వారి ఆటలో నిలిచిందని నా ఉద్దేశం.

సమాధానం: రాయగడ నర్సు

నేను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసేదాన్ని. పిండి రుబ్బి, అట్టలు కత్తిరించి, శిలాజాలు చూపించే తీరిక నాకు లేదు. మీ వారు చెప్పిన సెలవుల వాయిదా ఎక్కడి నుంచి వస్తుందో కూడా నాకు తెలుసు: వింత అంటే ఏర్పాట్లు చేసుకుని వెళ్లి చూసేది అనుకోవడం నుంచి వస్తుంది. ఉన్న చోటే, పది నిమిషాల్లో అయ్యేవి చాలా ఉన్నాయండి.

మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు వీధి వైపు గది తలుపులు మూసి, కిటికీని మందపాటి అట్టతో కప్పి, అందులో శనగగింజంత రంధ్రం చేయండి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఓపిక పట్టాలి. తరువాత ఎదుటి గోడ మీద మీ వీధి తలకిందులుగా, రంగులతో సహా, కదులుతూ కనబడుతుంది. ఆకాశం కింద, ఆటో పైన. వెలుతురు తిన్నగా ప్రయాణిస్తుంది కాబట్టి పైనుంచి వచ్చింది రంధ్రం దాటి కిందికి, కిందినుంచి వచ్చింది పైకి పోతుంది. రంధ్రం పెద్దది చేస్తే బొమ్మ ప్రకాశవంతమై మసకబారుతుంది, చిన్నది చేస్తే స్పష్టమై వెలుతురు తగ్గుతుంది. మా అబ్బాయి అమ్మమ్మను వీధిలో నిలబెట్టి, గోడ మీద ఆవిడను తలకిందులుగా నడిపించి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆవిడ కూడా లోపలికి వచ్చి, అల్లుణ్ణి వీధిలోకి పంపి చూసుకున్నారు.

చెట్టు నీడలో పడే ఎండ మచ్చలు గుండ్రంగా ఎందుకు ఉంటాయో పిల్లల్ని ఎప్పుడైనా అడిగారా? ఆకుల సందులు ఏ ఆకారంలో ఉన్నా మచ్చ గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే అది సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. 2020 జూన్ 21న సూర్యగ్రహణం పట్టినప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్లు తలుపులు వేసి నీళ్లలో దర్భలు వేశారు. నేను వారిని నొప్పించకుండా వరండాలో పిండి జల్లెడ ఎత్తి పట్టుకున్నాను. నేల మీద జల్లెడ కన్నానికొకటి చొప్పున నెలవంకలు పరుచుకున్నాయి. సూర్యుణ్ణి నేరుగా చూడనివ్వలేదు, చూడవలసిన అవసరమూ రాలేదు. గ్రహణం మళ్లీ వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఎండ మచ్చలు రోజూ ఉంటాయి.

ఫోనును శత్రువును చేయకండి. నిదానంగా చూపించే వీడియో మోడులో కుళాయి చుక్క పళ్లెంలో పడటం తీసి చూపించండి, ఆ తరువాత వారే ఇల్లంతా వెతుక్కుంటారు. పోపులో ఆవాలు చిటపటలాడటం మా వాడు తీశాడు. అంతకుముందు వంటింట్లోకి అడుగుపెట్టని పిల్లవాడు.

సమాధానం: గుణుపురం నుంచి

సవరల బొమ్మల గురించి ఎవరూ ముట్టుకోలేదు గనుక నేను రాస్తాను. ఉద్యోగరీత్యా పుట్టాసింగి వైపు కొండ గ్రామాల్లో కొంతకాలం తిరిగినవాణ్ణి.

ఆ బొమ్మను ఇడితాల్ అంటారు. ఇంటి లోపలి గోడకు ఎర్రమన్ను పూసి, బియ్యప్పిండి తెలుపుతో, చివర నలగ్గొట్టిన వెదురు పుల్లతో వేస్తారు. అది గోడ అలంకారానికి వేసేది కాదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, పురుడు వచ్చినప్పుడు, పంట చేతికి వచ్చినప్పుడు, పోయిన పెద్దల్ని తలచుకోవలసి వచ్చినప్పుడు, పూజారి చెప్పిన మీదట, ఫలానా దేవత కోసమో పితరుల కోసమో ఒక ఇల్లు కట్టినట్టుగా వేసి, దాని ముందు నైవేద్యం పెడతారు. కనుక ఒక ఇడితాల్‌ను ఉన్నదున్నట్టు ఎత్తి హాలు గోడ మీదికి దించడం నాకు సరిగా తోచదు. అమ్మకానికని గుడ్డ మీద, కాగితం మీద వేసే సవర చిత్రకారులు ఉన్నారు. ఆ బొమ్మ కావాలనుకుంటే వారి దగ్గర కొనండి, వారి చేయి చల్లగా ఉంటుంది.

అయితే ఆ చిత్రకారుల దగ్గర పిల్లలు నేర్చుకోవలసింది వేరే ఉంది. ఇడితాల్‌లో ఏనుగులు, గుర్రాలు, సూర్యచంద్రులు, చెట్టెక్కే కోతులు, నాట్యం చేసే మనుషుల వరుసలు ఉంటాయని అందరికీ తెలుసు. వాటి పక్కనే సైకిలు, రైలు, విమానం కూడా కనబడతాయి. చూసినదాన్ని చూసినట్టు గౌరవంగా గోడ మీదికి పిలిచారు వారు. మీ పిల్లలు ఆ గుర్రాలను నకలు చేయకుండా తమ ఇంటిని వేయాలి: నానమ్మ, బడి బస్సు, మహేంద్రతనయ నది, రైలు. మీ ఊరి రైలు కథే పిల్లలకు ఒక వింత. పర్లాకిమిడి రాజావారి పూనికతో నౌపడా నుంచి మీ ఊరికి 1900లో చిన్న పట్టాల బండి వచ్చింది, 1931లో మా గుణుపురం దాకా సాగింది. పెద్ద పట్టాలు పడి పదిహేనేళ్లే అయింది. ఆ బుల్లి బండి ఎక్కినవారు మీ వీధిలోనే ఉంటారు. వారిని పిలిచి, అది ఎలా ఉండేదో చెప్పించి, విన్నదాన్ని పిల్లల చేత వేయించండి.

గిడుగు రామమూర్తి పంతులు గారు మీ ఊళ్లోనే ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. పొరుగువారి దగ్గర కూర్చుని నేర్చుకోవడం అంటే ఏమిటో పాపకు చెప్పడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ మీకు దొరకదు.

మళ్లీ పర్లాకిమిడి గృహిణి

అందరికీ ధన్యవాదాలు. ఇడితాల్ ఆలోచన మానుకున్నాను. మా ఇంటి బొమ్మే వేయిస్తాను. బుల్లి రైలు ప్రసంగం తేగానే మా అత్తగారే మొదలుపెట్టారు: పెళ్లయిన కొత్తలో నౌపడాలో ఎక్కి పర్లాకిమిడి చేరేసరికి బండి ఎంత నిదానంగా నడిచేదో, కుర్రవాళ్లు కదులుతున్న బండి దిగి మళ్లీ ఎలా ఎక్కేవారో చెబుతుంటే పాప తిండి మరిచిపోయి విన్నది. మా వారు కూడా ఫోను పక్కన పెట్టారు. కిటికీ రంధ్రం మాత్రం ఆదివారానికి ఆయనే పెట్టుకున్నారు, అట్ట కూడా కొలిచి ఉంచారు.

ఒక్క చిక్కు ఉంది. మా గోడకు డిస్టెంపరు వేసి ఉంది. ఎర్రమన్ను, బియ్యప్పిండి దాని మీద నిలుస్తాయా? ఇల్లుగలవారితో మాట పడకుండా ఏం చేయవచ్చు?

సమాధానం: బరంపురం డ్రాయింగు మాస్టారు

నిలవవమ్మా, ఆరగానే పెచ్చులూడిపోతాయి. అద్దె ఇంట్లో గోడ జోలికి పోకుండా గుడ్డ మీద వేయండి, మన పటచిత్రకారుల పద్ధతి ఉండనే ఉంది. చింతపిక్కలను రాత్రంతా నానబెట్టి, పై పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి సన్నటి సెగ మీద జిగురయ్యేదాకా కలుపుతూ ఉడికించండి. ఈ పని మీరే చేయాలి, పొయ్యి దగ్గరికి బాబును రానివ్వకండి. బాగా ఉతికిన పాత నూలు చీర రెండు మడతలు తీసుకుని, మధ్యలో ఆ జిగురు రాసి అతికించి ఎండబెట్టండి. తరువాత అదే జిగురులో సుద్దపొడి కలిపి పైన రెండు పూతలు పూసి, ఎండిన మీదట నున్నటి ఏటిరాయితో రుద్దండి. రుద్దడం పిల్లలకు వదిలేయవచ్చు, అది వారికి బొమ్మ వేయడం కంటే ఇష్టమవుతుంది.

దాని మీద ఎర్రమన్నును కాస్త జిగురుతో కలిపి పూస్తే మీ ఎర్ర గోడ తయారైనట్టే. తెలుపుకు బియ్యప్పిండి కంటే జిగురు కలిపిన సుద్ద మేలు. బియ్యప్పిండిని బొద్దింకలు వదలవు. గుడ్డకు పైనా కిందా వెదురు బద్దలు కట్టి వేలాడదీయండి. వానాకాలంలో మడత పెడితే పూత పగులుతుంది కాబట్టి బొమ్మ పైకి ఉండేలా వదులుగా చుట్టి అటక మీద పెట్టుకోండి. గుడ్డ కొలత ఎంత తీసుకుంటారో చెబితే చింతపిక్కలు ఎన్ని కావాలో చెబుతాను.